మీకు తెలుసా? సినిమా లెక్కల్లో 'సీడెడ్' కథ

పెద్ద సినిమా విడుదలైన మర్నాడు ఫిల్మ్‌నగర్‌లో ఏ ఆఫీసులో చూసినా ఇదే ఆరా: "నైజాం ఎంత? సీడెడ్ ఎంత?" నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ అని అభిమానులకు చెప్పక్కర్లేదు. కానీ ఈ సీడెడ్ అన్న మాట ఎలా వచ్చిందో తెలుసా?

ఇంగ్లీషులో సీడ్ చేయడమంటే (విత్తనం సీడ్ కాదిది) చేతిలో ఉన్న నేలనో హక్కునో ఒప్పందం రాసి ఇంకొకరికి వదులుకోవడం. ఇక్కడ వదులుకున్నది హైదరాబాద్ నిజామే! టిప్పు సుల్తాన్‌తో యుద్ధాల్లో ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిచినందుకు నిజాం అలీఖాన్‌కు కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు 1792లో కొంత, 1799లో కొంత వాటాగా దక్కాయి. తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరులో ఆ నేలనంతా తిరిగి కంపెనీకే రాసిచ్చేశాడు. అక్కడి జనాన్ని అడిగినవాళ్లు లేరు. కంపెనీ దస్తరాల్లో అవి 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్', తెలుగులో దత్తమండలాలు. థామస్ మన్రో 1807 దాకా కలెక్టరుగా పనిచేసింది ఇక్కడే.

ఎవరో ఎవరికో ఇచ్చేసిన ఊళ్లన్న పేరు సీమవాసులకు రుచించలేదు. రుచించకపోవడం న్యాయమే. 1928 నవంబరులో నంద్యాలలో సమావేశమై, చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' పేరును ఖాయం చేసుకున్నారు. ఆయన పాఠాలు చెప్పిన అనంతపురం కాలేజీ కూడా అప్పట్లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీయే. తర్వాత్తర్వాత పాత పేరు వాడుకలోంచి పోయింది, ఒక్క సినిమావాళ్ల లెక్కల్లో తప్ప. నిజాం పాలన 1948లోనే ముగిసినా, కలెక్షన్ల పట్టికలో పై వరసలో నైజాం, కింది వరసలో సీడెడ్: ఇచ్చిన రాజు పేరూ, ఇచ్చేసిన నేల పేరూ ఇప్పటికీ పక్కపక్కనే. ఆ రెండో వరసలో రాయలసీమ అని రాస్తే షేరు ఒక్క రూపాయి తగ్గదు. ట్రేడ్‌వాళ్లు ఆ పని చేస్తే ఎంతో సంతోషిస్తాను.

ఇంకో సంగతి. తిరుపతి, చిత్తూరు 1800 నాటి ఒప్పందంలో లేనే లేవు. అవి ఆర్కాటు నవాబువి, కంపెనీ చేతికి చిక్కింది 1801లో. అయినా తిరుపతి థియేటర్ల వసూళ్లు నేటికీ సీడెడ్ ఖాతాలోకే వెళ్తాయి.