విశ్వవిద్యాలయంలో మాటకు హద్దు ఎక్కడ?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో సీటు దొరికితే మన బోయిన్‌పల్లి ఇళ్లలో అది పండుగరోజే. తల్లిదండ్రులు ఫీజు గురించి, హాస్టలు గురించి, పరీక్షల గురించి ఎంతో శ్రద్ధగా వాకబు చేస్తారు. కాని ప్రవేశ సమయంలో సంతకం పెట్టించుకునే ప్రవర్తనా నియమావళిని చదివేవారు అరుదు. విద్యార్థి ఎక్కడ సభ జరపవచ్చు, ఏ మాట అభ్యంతరకరం, అతిక్రమిస్తే ఏ శిక్ష అన్న విషయాలు అందులోనే ఉంటాయి. ఒక్కోసారి ఆ నాలుగు పంక్తులపైనే ఒక యువకుని భవిష్యత్తు ఆధారపడుతుంది.

2025 మార్చిలో ఉస్మానియా అధికారులు ఒక ఉత్తర్వు జారీచేశారు. కళాశాలల్లో, విభాగాల్లో, పరిపాలనా భవనంలో ధర్నాలు, నినాదాలు చేయరాదని, అధికారులపై అనుచిత భాష వాడరాదని దాని సారాంశం. విద్యార్థి సంఘాలు భగ్గుమన్నాయి. 1969లోను, 2009లోను తెలంగాణ ఉద్యమానికి ఊపిరిపోసిన ప్రాంగణంలో గొంతు నొక్కుతారా అని ప్రశ్నించాయి. తాము నిరసనను నిషేధించలేదని, తరగతులకు, కార్యాలయ పనులకు ఆటంకం కలగరాదన్నదే తమ ఉద్దేశమని విశ్వవిద్యాలయం వివరణ ఇచ్చింది.

ఇరుపక్షాల మాటలోనూ కొంత సత్యం ఉంది. పాఠం జరుగుతున్న గది పక్కన మైకు పెట్టి అరిస్తే, చదువుకోవడానికి వచ్చిన మరొక విద్యార్థి హక్కు దెబ్బతింటుంది. కనుక స్థలానికి, సమయానికి నియమం ఉండటం సమంజసమే. కాని ‘అనుచిత భాష’ అన్న పదానికి కొలత ఏమిటి? ఫిర్యాదు ఎవరిపైనో, వారే ఆ పదానికి అర్థం చెబితే, హాస్టలు భోజనం బాగాలేదన్న మాట కూడా అనుచితమే కావచ్చు. రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు భావప్రకటనా స్వేచ్ఛను, నిరాయుధంగా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును ఇచ్చింది. వాటికి సహేతుకమైన పరిమితులు విధించవచ్చని కూడా చెప్పింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రభుత్వంలో భాగమే. కాబట్టి పరిమితి సహేతుకమని చూపవలసిన బాధ్యత దానిదే.

నియమం ఎవరి మీద పడుతున్నదో చూసి దానిని మెచ్చుకోవడం, తిట్టడం మనుషుల బలహీనత. చరిత్ర ఈ విషయంలో మనకు రెండు అద్దాలు చూపుతుంది.

మొదటిది ఉస్మానియాదే. నిజాం పాలనలో, 1938లో, హాస్టళ్లలోని హిందూ విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరం ఆలపించారు. అధికారులు వద్దన్నారు. విద్యార్థులు సమ్మెకు దిగారు. వందలాదిమంది బహిష్కృతులయ్యారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో ఎందరికో ఆశ్రయమిచ్చింది. తరువాతి కాలంలో దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే. ఆ గీతంలోని కొన్ని భావాలు మన ఏకదైవ విశ్వాసానికి పొసగవు. దానిని మనం పాడకపోవడం మన విశ్వాసం. పాడినవారి చదువును తుంచివేయడం మాత్రం న్యాయం అనిపించుకోదు.

రెండవది కేరళది. అక్కడ జాతీయగీతం పాడటానికి తమ మతవిశ్వాసం అంగీకరించదన్న ముగ్గురు క్రైస్తవ పిల్లలను పాఠశాల నుంచి తొలగించారు. ఆ పిల్లలు గీతాలాపన సమయంలో గౌరవంగా లేచి నిలబడేవారు, పెదవి మాత్రం కదిపేవారు కారు. 1986లో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని తీర్పునిచ్చింది. ఒకచోట పాడినందుకు శిక్ష, మరొకచోట పాడనందుకు శిక్ష. రెండోదానిని అన్యాయమని అనగలిగిన నోరు మొదటిదానిని కూడా అన్యాయమనగలగాలి.

ఇక శిక్ష సంగతి. 2015 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రెండు విద్యార్థి సంఘాల మధ్య వివాదం చెలరేగింది. కొట్టారన్న ఆరోపణను అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఖండించారు. అయినా వారిని హాస్టలు నుంచి వెలివేశారు. పరిపాలనా భవనంలోకి, ఉమ్మడి ప్రదేశాల్లోకి గుంపుగా రాకూడదన్నారు. 2016 జనవరి చలిలో వారు ఆరుబయట గుడారంలో పడుకున్నారు. ఆ నెల 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణాలు తీసుకున్నాడు. నాలుగు రోజులకు మిగిలిన నలుగురిపై శిక్ష ఎత్తివేశారు. ప్రాణం పోయాక నాలుగు రోజుల్లో తొలగించగలిగిన శిక్షను అంతకుముందే పునఃపరిశీలించి ఉండవచ్చు కదా అన్న ప్రశ్న ఆ తల్లిదే కాదు, బిడ్డలను చదువుకు పంపిన ప్రతి తల్లిది.

శిక్షకు ముందు విచారణ, విచారణలో ఇరుపక్షాల మాట వినడం మదరసాలో న్యాయాధ్యాయం చదివిన ప్రతి విద్యార్థికి తెలిసిన సూత్రం. హజ్రత్ అలీ (రజి)ని న్యాయాధికారిగా యమన్‌కు పంపినప్పుడు, మొదటివాని మాట విన్నట్టే రెండవవాని మాట వినేవరకు తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) బోధించారు. నేటి న్యాయస్థానాలు దీనినే సహజ న్యాయసూత్రం అంటున్నాయి. 2017లో ఢిల్లీ హైకోర్టు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం కొందరు విద్యార్థులకు విధించిన శిక్షలను పక్కనబెట్టి, వారి వాదన విని మళ్లీ నిర్ణయించమని ఆదేశించింది. విద్యార్థులు చేసిన నినాదాలు మంచివా చెడ్డవా అన్నది వేరు సంగతి. వినకుండా శిక్షించరాదన్నది ఆ తీర్పు సారం.

కనుక మంచి నియమావళిని మూడు గుర్తులతో పోల్చుకోవచ్చు. అది స్థలాన్ని, సమయాన్ని నియంత్రిస్తుంది గాని అభిప్రాయాన్ని కాదు. ఏది నేరమో స్పష్టమైన మాటలలో ముందే చెబుతుంది. శిక్షకు ముందు లిఖితపూర్వక నోటీసు, సంజాయిషీకి గడువు, పై అధికారికి అప్పీలు ఉంచుతుంది.

మన పిల్లలకు చెప్పవలసినవి కూడా ఉన్నాయి. నియమావళి చదివిన తరువాతే సంతకం చేయాలి. ప్రతి నోటీసు నకలు దాచుకోవాలి, జవాబు రాతపూర్వకంగానే ఇవ్వాలి. భయపడి తెల్లకాగితంపై సంతకం పెట్టరాదు, కబురు ముందుగా ఇంటికి చేరవేయాలి. ఇంట్లోవారు కూడా ఆ కబురు వినగానే బిడ్డను దూషించకుండా, ముందు అతని మాట వినాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సత్యం పలికేటప్పుడు నాలుకపై మర్యాద ఉండాలి, చేయి ఎవరిపైనా లేవకూడదు. ఎదుటి సంఘం సభ పెట్టుకుంటే దానిని చెడగొట్టడం కూడా వారి గొంతు నొక్కడమే. తనకు కోరుకున్న స్వేచ్ఛను తనతో విభేదించే సహాధ్యాయికి కూడా కోరుకోగలిగిన విద్యార్థి వల్లనే విశ్వవిద్యాలయానికి ఆ పేరు సార్థకమవుతుంది.