చిరుతలో దాగిన పులి

ఊరి పొలాల్లో చిరుత తిరుగుతోందని, బోనులో చిరుత చిక్కిందని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. దాని పూర్తి పేరు చిరుతపులి. లేగదూడ ‘లేగ’ అయినట్టే వాడుకలో చిరుతపులి ‘చిరుత’ అయింది. తమాషా ఏమిటంటే, మిగిలిన ముక్కలో జంతువు పేరే లేదు. చిరుత అంటే చిన్నది. పెద్దపులి కన్నా చిన్నది కాబట్టి చిరుతపులి. చిరుతప్రాయం, చిరునవ్వు, చిరుతిండి, చిరుధాన్యాలు ఈ కుటుంబంలోవే.

చిరంజీవి, చిరకాలం మాత్రం వేరు. వాటిలోని ‘చిర’ సంస్కృతం; ఎక్కువ కాలమని అర్థం. పూర్వం ‘చిఱుత’ను బండి ‘ఱ’తో రాసేవారు కనుక తేడా కంటికే తెలిసేది. ఇప్పుడది మనమే పిల్లలకు చెప్పాలి.

మన పిల్లలకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. హోసూరు పిల్లలు వీధిలో ‘సిరుత్తై’ అని, బళ్ళారి పిల్లలు ‘చిరతె’ అని వింటారు. తమిళంలో ‘సిరు’ అన్నా చిన్న అనే. బరంపురంలో ఒడియా వాళ్ళు ‘కలరాపతరియా బాఘ’ అంటారు. కలరా అంటే కాకర, అంటే కాకరాకు పులి. షోలాపూర్‌లో మరాఠీవారికి అది ‘బిబట్యా’. పిల్లవాడు తెలుగు తరగతిలో వీధి మాట అంటే తప్పని కొట్టేయకుండా, రెండు మాటలూ నల్లబల్లపై పక్కపక్కన రాయిద్దాం. పోలిక ఉంటే వాడే పట్టుకుంటాడు. లేకపోతే ఎందుకు లేదని అడుగుతాడు.

మరో జాగ్రత్త. చిరుత, చీతా ఒకటి కావు. చీతా కళ్ళ నుంచి నోటిదాకా నల్లని చారలుంటాయి, ఒంటిమీద విడివిడి చుక్కలుంటాయి. చిరుత మచ్చలు గులాబీ రేకుల్లా గుంపులుగా ఉంటాయి. పరుగులో మేటి చీతా. వేటను చెట్టెక్కించి దాచుకునేది చిరుత. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు. ‘అతివేగంగా పరుగెత్తే జంతువు ఏది?’ అన్న ప్రశ్నకు ‘చిరుత’ అని రాస్తే జవాబు తప్పినట్టే.

మాటను పేరుగా బట్టీపట్టిన పిల్లలకు ఒక్క మాటే వస్తుంది. విప్పి చూసిన పిల్లలకు దాని చుట్టాలన్నీ వస్తాయి. ఇంట్లో తప్ప తెలుగు వినబడని చోట మన పిల్లలకు కావలసింది ఆ చుట్టరికమే. ఈ వారం ‘చిరు’తో మొదలయ్యే మాటలు ఇంట్లో పెద్దలనడిగి రాసుకు రమ్మందాం.