హైస్కూల్ కుర్రాడి సీటుకు ఎసరు పెట్టిన పోర్టల్

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మన దగ్గర ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతితో ఆడే ఆట. అక్కడి కాలేజీ జట్లలోకి ఎక్కువ మంది నేరుగా హైస్కూల్ నుంచే వచ్చేవారు. కోచ్‌లు ఊరూరా తిరిగి, తల్లిదండ్రులను ఒప్పించి, పదిహేడేళ్ల కుర్రాళ్లను స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకెళ్లేవారు.

2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక లెక్క మారింది. కాలేజీ మారాలనుకునే ఆటగాడు అందులో పేరు పెట్టిస్తే చాలు, వేరే కోచ్‌లు మాట్లాడొచ్చు. అయితే మారినవాడు మామూలుగా ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో మొదటిసారి మారేవాళ్లకు ఆ అడ్డూ తీసేశారు. అదే జులై నుంచి సొంత పేరు, ఫొటో మీద సంపాదించుకోవచ్చన్నారు. 2025 జులై నుంచైతే కాలేజీలే నేరుగా డబ్బులివ్వొచ్చు.

మరి కోచ్ ఏం చేస్తాడు? ఓడితే ఉద్యోగం పోతుందాయె. హైస్కూల్ పిల్లాడు కండ పట్టి తయారవ్వడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంత ఓపికగా తీర్చిదిద్దాక పెద్ద కాలేజీ ఎగరేసుకుపోవచ్చు. చిన్న కాలేజీలకు ఈ భయం మరీ ఎక్కువ. దాంతో ఇప్పటికే కాలేజీలో ఆడి చూపించినవాడి వైపే మొగ్గుతున్నారు. పైగా డబ్బులిచ్చే కాలేజీల్లో జట్టుకు 105 మందే అన్న పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకున్నా జట్టులో ఉంటే చాలు అనుకునే కుర్రాళ్లకు అక్కడా చోటు తగ్గింది.