ఫ్రెంచి సాహిత్యమున మాస్టరు పట్టము

బొబ్బిలియుద్ధము 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగినది. దానిఁ గూర్చి యాంధ్రదేశమునఁ బాటలును గావ్యములును గలవు. రాబర్టు ఓర్ము వ్రాసిన యాంగ్లచరిత్రయుఁ గలదు. కాని విజయరామరాజుతోఁ గూడి కోటను ముట్టడించిన సేనాని బుస్సీ ఫ్రెంచివాఁడు. ఫ్రెంచివారి పూర్వపు ఇండియా వ్యవహారపత్రములు పెక్కులు ఫ్రాన్సుదేశమున ఎక్స్-అన్-ప్రొవాన్స్ నగరమందలి ప్రభుత్వపత్రాలయమున నున్నవి. అట్టి పత్రములను జదివి విలువకట్టుటకు సంభాషణకు మాత్రము పనికివచ్చు ఫ్రెంచి చాలదు. ఆ శక్తి నలవఱచు మార్గములలో నొకటి యా దేశపు విశ్వవిద్యాలయము లొసఁగు ఫ్రెంచి సాహిత్యపు మాస్టరు పట్టము.

1999 నాఁటి బొలోన్యా ప్రకటన ననుసరించి 2002వ సంవత్సరమునుండి ఫ్రాన్సున నున్నతవిద్య మూఁడు మెట్లుగా నేర్పడినది. మొదటిది మూఁడేండ్ల లిసాన్స్, రెండవది రెండేండ్ల మాస్టరు, మూఁడవది దొక్తొరా. విద్యార్థి పరిశ్రమను క్రెడిట్టు లను మానముచేఁ గొలుతురు. లిసాన్సునకు 180, మాస్టరునకు 120 క్రెడిట్లు వలయును. ఒక క్రెడిట్టనఁగా 25 మొదలు 30 గంటల పని. తరగతిలోఁ గూర్చుండిన కాలమే గాక యింటను గ్రంథాలయమునను జదివిన కాలమును నిందుఁ జేరును. కావునఁ బట్టమునకు మూఁడువేల గంటలకుఁ దక్కువ కాని పరిశ్రమ కావలయును.

ప్రవేశమునకు లిసాన్సు గాని, దానికి సమానమని విశ్వవిద్యాలయ మంగీకరించిన పరదేశపుఁ బట్టము గాని యుండవలయును. అర్హత యున్నంతమాత్రమునఁ బ్రవేశము సిద్ధింపదు. 2016 నాఁటి శాసనముచే, మొదటి సంవత్సరముననే స్థానముల మితి నేర్పఱచి, పూర్వపు మార్కులను, అభ్యర్థి యుద్దేశములను బరిశీలించి యెన్నుకొను నధికారము విశ్వవిద్యాలయములకుఁ గలిగినది.

పరదేశీయుఁడు భాషాజ్ఞానమును గూడ నిరూపింపవలయును. ఐరోపా మండలివారు 2001లోఁ బ్రకటించిన ప్రమాణము భాషాజ్ఞానము నాఱు మెట్లుగా విభజించినది. సాహిత్యశాఖలలో సాధారణముగా నాలవదియైన బి2 గాని, యైదవదియైన సి1 గాని కోరుదురు. దెల్ఫ్, దాల్ఫ్ అను పరీక్షలు దీనికి నిదర్శనములు.

ఇది గడప మాత్రమే. లోపలఁ గావ్యఖండమునకుఁ బదపదమున వ్యాఖ్య వ్రాయుట, యొక ప్రశ్నను బూని క్రమముగా వాదించుట, భాషాచరిత్ర నెఱుఁగుట యలవడవలయును. పెక్కుచోట్లఁ బ్రాచీన ఫ్రెంచియుఁ బాఠ్యమే. నన్నయభట్టారకుఁడు వెలసిన పదునొకండవ శతాబ్దముననే, దాని చివరి భాగమున, రోలాను గీతము పుట్టినదని పండితుల తలంపు. నేఁటి ఫ్రెంచి మాత్రమే నేర్చినవానికి దాని భాష బోధపడదు. ఫ్రెంచిగాక మఱియొక విదేశభాషయందును జ్ఞానము నిరూపించినఁ గాని పట్టము లభింపదు.

వీనియన్నింటికిని దలమానికము మెమ్వార్ అను పరిశోధనవ్యాసము. విద్యార్థి యొక యాచార్యుని పర్యవేక్షణమున విషయము నేర్పఱచుకొని, మూలములను వెదకి, పూర్వపండితుల మతములను దెలిసి, తన నిర్ణయమును బ్రమాణములతోఁ జూపవలయును. వ్యాసము పెక్కుచోట్ల నూఱుపుటలకుఁ జేరును. పిదపఁ బరీక్షకసంఘము నెదుట దానిని సమర్థింపవలయును. మార్కులు 20కి లెక్కింపఁబడును. 10 వచ్చిన నుత్తీర్ణత, 16 దాఁటిన నుత్తమశ్రేణి. ఒరుల వ్రాఁతను దనదిగాఁ జూపినవాఁడు శిక్షార్హుఁడు.

వ్యాకరణమును బదసంపదయు నితరమార్గములను గూడ లభించును. మాస్టరు పట్టము నేర్పునది పత్రమును బ్రశ్నించు విధము. బుస్సీ లేఖ యొకటి చేతఁ బడెననుకొందము: అది యెవరికి వ్రాయఁబడినది, యే యవసరమున వ్రాయఁబడినది, యేది చెప్పినది, యేది దాఁచినది, యా నాఁటి వాడుకలో నా పదమున కర్థమేమి? అట్లు ప్రశ్నింపనేర్చిన యాంధ్రులు కొందఱైన నుండినచో, బొబ్బిలికోట కథలో ఫ్రెంచివారి సాక్ష్యము మన పాటలసరసను, ఓర్ము వ్రాఁతసరసను నిలిచి విచారణకు వచ్చును.