మీకు తెలుసా? నిమ్మచెట్టులో తప్పుల లెక్క

మనుబోలు చుట్టుపక్కల, గూడూరు, పొదలకూరు దారుల్లో నిమ్మతోటలకు కొదవలేదు. ఈసారి అటు వెళ్తే ఒక లేతాకు తుంచి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. ఈనెల వెంట అక్కడక్కడా వెలుతురు పారే సన్నటి గీతలుంటే ఆ చెట్టుకు ట్రిస్టెజా వైరస్ సోకిందేమోనని అనుమానించాలి. ప్రపంచంలో ఎక్కడి బత్తాయి చెట్టులోనైనా ఈ వైరస్ ఉందో లేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు నమ్ముకున్నది మన కాగ్జీ నిమ్మ జాతినే. అనుమానమున్న చెట్టు మొగ్గను నిమ్మ మొక్కకు అంటుకడతారు. బత్తాయి పైకి కనబడనీయని జబ్బును నిమ్మాకు బయటపెడుతుంది.

అయితే ఆ చెట్టులో ఉన్నది ఒకే వైరస్ అనుకోకండి. ట్రిస్టెజా ఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 19,300 అక్షరాలు. నకలు తీసే ఎంజైముకు తిరిగి చదివి దిద్దుకునే అలవాటు లేదు. అందుకే ఒక్క చెట్టులోనే కొద్దికొద్ది తేడాలున్న రూపాలు గుంపుగా బతుకుతాయి. పేనుబంక రసం పీల్చినప్పుడు ఆ గుంపులో కొన్నిటినే మోసుకుపోతుంది. ఒకే చెట్టు నుంచి బయల్దేరిన జబ్బు ఒక మొక్కలో మెత్తగా, ఇంకోదానిలో చెక్క గుంటలు పడేంత తీవ్రంగా ఉండటానికి ఇదొక కారణం. బ్రెజిల్ రైతులు దీన్నే తమకు అనుకూలంగా మలచుకున్నారు. మెత్తటి రూపాన్ని ముందే ఎక్కించి, తీవ్రమైనదాన్ని అడ్డుకుంటూ లక్షలాది నారింజ చెట్లను కాపాడుకున్నారు.

మరి నకలు తీయడంలో తప్పులు ఎంతవరకు చేయవచ్చు? దీనికి హద్దు చెప్పినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ అయిగెన్, 1971లో. ఒక్కో నకలులో పడే తప్పులు సగటున ఒకటి చుట్టుపక్కలే ఉండాలి. అది బాగా దాటితే తరతరానికీ తప్పులు పేరుకుని అసలు సమాచారమే చెరిగిపోతుంది. అంటే అణువు పొడవు పెరిగేకొద్దీ నకలు మరింత జాగ్రత్తగా తీయాలి. పొట్టిగా ఉంటే నిర్లక్ష్యం చెల్లుతుంది.

అంత పొట్టివి నిజంగా ఉన్నాయా? ఉన్నాయి, నిమ్మజాతి చెట్లలో కూడా! అదే 1971లో అమెరికాలో శాస్త్రవేత్త థియోడర్ డీనర్ బంగాళాదుంప రోగంలో గుర్తించిన కొత్త రకం రోగకారకాలకు వైరాయిడ్లని పేరు పెట్టాడు. వాటికి తొడుగు లేదు, సొంత ప్రొటీన్ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా వలయంలా చుట్టుకున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ. చెట్టు ఎంజైములతోనే నకళ్లు తీయించుకుంటుంది. రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద బెరడు పెచ్చులూడగొట్టే ఎక్సోకార్టిస్ వైరాయిడ్ పొడవు దాదాపు 370 అక్షరాలే.

2009లో స్పెయిన్‌లోని వాలెన్సియా శాస్త్రవేత్తలు, రికార్డో ఫ్లోరెస్ వంటివారు, చామంతిలోని ఒక వైరాయిడ్ తప్పులను లెక్కగట్టారు. సుమారు 400 అక్షరాలకు ఒక తప్పు! ఆ వైరాయిడ్ పొడవూ దాదాపు 400 అక్షరాలే. నకలుకు ఒక తప్పన్నమాట. సరిగ్గా అయిగెన్ గీసిన గీత మీద నిలబడి బతుకుతోంది. నన్ను ఎప్పటికీ అబ్బురపరిచే లెక్క ఇది. ట్రిస్టెజా ఇదే వేగంతో పొరబడితే నకలుకు 48 తప్పులు పడి కొద్ది తరాల్లోనే అంతరించిపోయేది. వైరాయిడ్లన్నీ ఇంత నిర్లక్ష్యంగా ఉంటాయని కాదు. బంగాళాదుంప వైరాయిడ్ దీనికన్నా చాలా తక్కువ తప్పులు చేస్తుంది.

తోటలో ట్రిస్టెజా, ఎక్సోకార్టిస్ వ్యాపించే దారులు వేరు. ట్రిస్టెజాకు పేనుబంక కావాలి, లేదా జబ్బు చెట్టు మొగ్గతో కట్టిన అంటు కావాలి. ఎక్సోకార్టిస్‌కు అంటుకట్టే కత్తి అంచు చాలు. అందుకే ఒక చెట్టు కోసి ఇంకో చెట్టు ముట్టుకునేముందు కత్తిని బ్లీచింగ్ ద్రావణంలో ముంచమని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతారు.