బురుజు మీద రాజుగారు, బూత్‌లో ఓటరు

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో అడుగు పెట్టడానికి సందుండదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. వెనక మాను చివర ఆసనంలో పూజారి. జనం అరటిపళ్లు విసురుతుంటారు. విజయనగరం రాజులు పూసపాటి వారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. ఆ చోటు తరతరాలుగా వాళ్లదే, దానికి పోటీ లేదు. అసెంబ్లీ సీటు సంగతి వేరు.

జమీందారీ వారసుడు సోషలిస్టు పార్టీ జెండా పట్టుకోవడం 1950లలో చిన్న వింత కాదు. పూసపాటి వారి పీవీజీ రాజు అదే చేశారు. 1957లో విశాఖపట్నం ఎంపీ అయ్యారు, తర్వాత కాంగ్రెస్‌లో చేరి రాష్ట్ర మంత్రిగానూ పనిచేశారు. 1958లో తండ్రి అలక్ నారాయణ పేర మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువులకు అప్పగించారు. బాబాయి విజ్జీ కూడా లోక్‌సభకు వెళ్లారు. 1936లో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండ్ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపిన కెప్టెన్ ఆయనే. రాజకీయం ఆయనకు ముందే వచ్చినట్టుంది.

పీవీజీ పెద్ద కొడుకు ఆనంద గజపతిరాజు ఎన్టీఆర్ మంత్రివర్గంలో చేరి, ఆనక కాంగ్రెస్ టికెట్ మీద బొబ్బిలి ఎంపీ అయ్యారు. పూసపాటి వారికి బొబ్బిలి ఓటు! ఈ రెండు సంస్థానాల మధ్య 1757లో జరిగిన యుద్ధం గుర్తున్నవాళ్లు నవ్వుకునే ఉంటారు. తమ్ముడు అశోక్ గజపతిరాజు 1978లో జనతా పార్టీ తరఫున గెలిచి, 1983 నుంచి తెలుగుదేశంలోనే ఉండిపోయారు. కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉండగా, మంత్రినయ్యాక విమానంలోకి అగ్గిపెట్టె తీసుకెళ్తున్నా తనను ఎవరూ తనిఖీ చేయడం లేదని ఆయనే చెప్పేసి ఇరుకున పడ్డారు.

అంతటివారినీ ఊరు ఓడించింది. 2004లో ఇండిపెండెంట్‌గా నిలబడిన కోలగట్ల వీరభద్రస్వామి చేతిలో అశోక్ ఓడారు. 2019లో అశోక్ ఎంపీగా, కూతురు అదితి ఎమ్మెల్యేగా పోటీ చేస్తే ఇద్దరూ ఓడారు. అదితిని ఓడించింది మళ్లీ కోలగట్లే. 2024లో ఆమె ఆయన మీద 60 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

నన్నడిగితే, ఈ ఓటముల కంటే పెద్ద దెబ్బ 2020 మార్చిలో తగిలింది. అప్పటి ప్రభుత్వం మాన్సాస్ చైర్మన్ పదవి నుంచి అశోక్‌ను తప్పించి, ఆనంద గజపతిరాజు కూతురు సంచయితను కూర్చోబెట్టింది. వేల ఎకరాలు, కాలేజీలు మాన్సాస్ చేతిలో ఉన్నాయి. సింహాచలం ఆలయ ధర్మకర్తృత్వమూ ఆ మార్పుతోనే చేయి మారింది. రచ్చ బాబాయికీ అన్నకూతురికీ మధ్యే అయినా, తీర్పు చెప్పాల్సింది ఓటరు కాదు, హైకోర్టు. 2021 జూన్‌లో పదవి తిరిగి అశోక్‌కే వచ్చింది.

2025 జులైలో ఆయన గోవా గవర్నర్‌గా వెళ్లారు. అసెంబ్లీలో అదితి కూర్చునే పక్షంలోనే బొబ్బిలి రాజుల వారసుడు బేబీ నాయన కూడా ఉన్నారు. ఇద్దరిదీ తెలుగుదేశమే.