చక్రం ఒకదానిది... బాడీ ఇంకోదానిది!
పాత బొమ్మల్లోంచి కొత్త కారు.. కొలత కుదిరితే చాలు

పావగడ: తెగిపోయిన రబ్బరు చెప్పు కనబడితే ఒకప్పుడు పిల్లోళ్లు వదిలేవారు కాదు. గుండ్రంగా కోసి చక్రాలు చేసేవారు. సైకిల్ పుల్ల ఇరుసు.. అగ్గిపెట్టె బాడీ.. దారం కట్టి లాగితే బండి తయార్! మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న పావగడ తాలూకా పల్లెల్లో నడివయసు దాటిన వారికి ఈ ఆట కొత్తేమీ కాదు.

ఇప్పుడు ఏ అంగట్లో చూసినా ప్లాస్టిక్ కార్లే. కొన్న నాలుగు రోజులకే చక్రం ఊడుతుంది. కారు మూలన పడుతుంది. చివరికి గుజిరీకి పోతుంది. అలా మూలన పడ్డ రెండు మూడు కార్లను విప్పి, ఒకదాని బాడీకి ఇంకోదాని చక్రాలు బిగించి సొంత కారు చేసుకోవచ్చు. విదేశాల్లో దీన్ని ఓ విద్యగా సాధన చేస్తారు. పేరు కిట్‌బ్యాషింగ్.

సినిమా ఓడలూ ఇలాగే..

అసలు కారును 24వ వంతుకో, 25వ వంతుకో తగ్గించి, అచ్చుపోసిన ముక్కలను పెట్టెలో పెట్టి అమ్మేదే కిట్. అమెరికాలో ఏఎంటీ కంపెనీ 1958లో ఒకే కారును మూడు రకాలుగా బిగించుకునే కిట్లు తెచ్చింది. మిగిలిపోయిన ముక్కలను పారేయకుండా ఇంకో కారుకు తగిలించడం కుర్రాళ్లకు సరదా అయింది. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమాలోని అంతరిక్ష ఓడల నమూనాలకు కూడా ట్యాంకులు, విమానాల కిట్ల ముక్కలే అతికించారు.

తెలుగువారిలో ఈ దారిలో పేరు తెచ్చుకున్నది హైదరాబాద్‌కు చెందిన కె.సుధాకర్. ఆయనవి బొమ్మలు కావు, రోడ్డు మీద నడిచే బండ్లు. పాత సామాన్లతోనే బూటు, క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్ ఆకారాల్లో కార్లు చేశారు. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్ బుక్‌కెక్కారు. బహదూర్‌పురాలో 2010లో ఆయన తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో ఈ బండ్లను చూడొచ్చు.

కొలతే గురువు

వేర్వేరు బొమ్మల ముక్కలు ఎందుకు కలవవు? వాటి కొలతలు వేరు కాబట్టి. మన పక్క ఉదాహరణే చూద్దాం. సరిహద్దు దాటితే పెనుకొండ. అక్కడి ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో సెల్టోస్ తయారీ మొదలైంది. అప్పటి ఆ కారు పొడవు 4,315 మి.మీ. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 2,610 మి.మీ. దూరం. 24వ వంతు బొమ్మలో ఈ దూరం 109 మి.మీ. వస్తుంది. 25వ వంతులో 104 మాత్రమే. ఒకదాని బాడీ కింద ఇంకోదాని అడుగుభాగం పెడితే 4 మి.మీ.కు పైగా తేడా! చక్రం గుంతలో కూర్చోకుండా గీసుకుంటుంది.

అంగడి బొమ్మ మీద ఈ లెక్క రాసి ఉండకపోవచ్చు. అసలు కారు పొడవును బొమ్మ పొడవుతో భాగిస్తే సరి. బొమ్మ 120 మి.మీ. ఉంటే అది సుమారు 36వ వంతు. చక్రానికీ అదే లెక్క. 17 అంగుళాల రిమ్ముకు వేసే 215/60 టైరు ఎత్తు 690 మి.మీ. 24వ వంతుకు 29 మి.మీ. అంటే పది రూపాయల బిళ్ల (27 మి.మీ.) కంటే కాస్త పెద్దది. చెప్పు మీద బిళ్ల పెట్టి, చుట్టూ ఓ మి.మీ. వదిలి గీసి కోస్తే చక్రం సిద్ధం.

బిగించేదిలా..

• ముందు జిగురు పెట్టొద్దు. టేపుతో అతికించి, నాలుగు చక్రాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడాలి.
• ఇరుసు పొడవైతే కత్తిరించాలి. రంధ్రం పెద్దదైతే లోపల బాల్‌పెన్ రీఫిల్ ముక్క దూర్చాలి.
• కిట్ల జిగురు ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి కలుపుతుంది. రబ్బరుకు పనిచేయదు. ఫెవిక్విక్ లాంటిదైతే అద్దాల దగ్గర వాడకూడదు, తెల్లగా మసకబారతాయి.
• సందులకు పుట్టీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాలి. ప్రైమర్ పూస్తే మిగిలిన గీతలు బయటపడతాయి. రంగు పలుచగా రెండు మూడు సార్లు వేయాలి.
• బ్లేడు పని పెద్దోళ్లదే. జిగురు, రంగుల పని గాలి ఆడేచోట చేయాలి.

తిట్టే ముందు ఒక్కమాట

‘‘చదువుకోమంటే బొమ్మలు విప్పుతా కూచున్నాడు’’ అని విసుక్కునే ఇళ్లు ఎన్నో! నోటుబుక్కులో భాగహారం తప్పితే ఎర్రగీత పడుతుంది, అంతే. ఇక్కడ తప్పితే చక్రం తిరగదు. ఎక్కడ పొరపాటు జరిగిందో పిల్లోడే వెదుక్కోవాలి. మళ్లీ కొలవాలి, మళ్లీ కోయాలి. ఈ తాలూకా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. లెక్క మాత్రం రెండు చోట్లా ఒక్కటే. విదేశీ కిట్టు కొనాలంటే వేలల్లో మాట. పాత చెప్పు, విరిగిన కారు, ఓ స్కేలు మాత్రం ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. ఈసారి గుజిరీ బండి వచ్చినప్పుడు ఆ విరిగిన కారును ఇచ్చేయకుండా ఓ ఆదివారం పిల్లల చేతికివ్వండి.